కింద నుంచి చూసే నల్లప్ప

“నాకు దోశొద్దప్పా, సంగటి తినే వచ్చినా,” అంది కుప్పం నుంచి వచ్చిన మునిలక్ష్మమ్మ.

తొట్టిలోకి నీళ్లు పడుతున్న నల్లప్ప పకపకా నవ్వాడు. “దోశ కాదుమ్మా, డోసు! నీ చెంప మీద పుండుకు కరెంటు పెట్టాలంటే ముందు నీళ్లకు పెట్టి కొలత సూడాల.”

“అట్లయితే ఆ వాతేదో నీళ్లకే పెట్టు నాయనా,” అంటూ ఆమె బయట బెంచీ మీద సర్దుకుంది.

రోగులు ‘కరెంటు’ అని పిలిచే రేడియేషన్ పెట్టే మదనపల్లె క్యాన్సర్ ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్లుగా నల్లప్పకు అన్నం పెడుతున్నవి ఆ నీళ్లే. తొట్టిని యంత్రం కిందికి తోసి, నింపి, అలలు అణిగేదాకా కాచుకుని, కిరణాలను కొలిచే గొట్టాన్ని సరిగ్గా నీటి పైమట్టానికి తేవాలి. యంత్రం విసిరే ఎలక్ట్రాన్లు కొత్తల్లుళ్ల వంటివి, వాకిలి దాటి లోతుకు పోవు. మట్టం రవ్వంత తప్పినా కొలతంతా తప్పే. అందుకని నల్లప్ప పై నుంచి చూడడు. అద్దంలాంటి తొట్టి పక్కన నిలబడి, దాని గోడలోంచి, నీటి కింద నుంచి చూస్తాడు. అడ్డంగా సగం మునిగిన గొట్టం గుండ్రటి మొనా, నీటిపొరలో దాని ప్రతిబింబమూ కలిసి నిండు సున్నా అయితేనే అది అసలైన సున్నా. పుంగనూరు ఆవులాగా పుంగనూరు మనిషీ పొట్టే కాబట్టి వంగే శ్రమ కూడా లేదు.

రెండేళ్ల కిందట, కిరణాల లెక్కలు చూసే ఫిజిసిస్టుగా చేరిన దీపకు ఆ చూపు నేర్పింది ఆయనే. “కాలేజీలో కూడా ఇట్ల చెప్పలేదన్నా!” అంటూ క్యారియర్లో సగం ఆయనకే పెట్టేది.

ఆ పూట తనిఖీ అధికారి వస్తున్నాడు. నల్లప్ప సరిచేసిన గొట్టాన్ని దీప వైరు మార్చడానికి పైకి తీసి, మళ్లీ దించి, పై నుంచే ఒక చూపు చూసింది.

“అమ్మా, కింద నుంచి సూడు.”

“టైం లేదన్నా. సరిగ్గానే ఉండాది.”

సరిగ్గా లేదు. అధికారి మళ్లీ కొలిస్తే మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మునిలక్ష్మమ్మకు ఆ పూట పెట్టాల్సిన కరెంటు ఆగిపోయింది. పెద్ద డాక్టరు మురళీధర్ అందర్నీ గదిలోకి పిలిచాడు.

“గొట్టం పెట్టిందెవరు?”

దీప ఫైల్లోంచి తలెత్తలేదు. “నల్లప్పన్న, సార్. ఆయనకీమధ్య కళ్లు సరిగ్గా ఆనడంలేదు. నేను కనిపెట్టకపోవడం నా తప్పే,” అని పొరపాటు ఎలా జరిగిందో అందరికీ విడమరిచి చెప్పింది. అందరూ జాలిగా తలలూపారు.

“నా తట్టు సూడమ్మా,” అన్నాడు నల్లప్ప.

ఆమె పేజీ తిప్పింది.

తప్పింది నీటి మట్టం, మట్టిలో కలిసింది పద్దెనిమిదేళ్ల పేరు.

“రేపట్నుంచి మన కుప్పం క్లినిక్‌లో చీటీలు రాద్దువులే నల్లప్పా. ఆడ ఈ కొలతల గోలుండదు,” అన్నాడు మురళీధర్, కనికరంగానే.

గది ఖాళీ అయ్యాక నల్లప్ప తొట్టి దగ్గరికి పోయాడు. ఎవరూ అడగకుండానే గొట్టాన్ని మళ్లీ సున్నాకు తెచ్చాడు. అధికారి మళ్లీ కొలుచుకుని సంతకం పెట్టాడు.

“పోతాండావాప్పా?” అంది బెంచీ మీది మునిలక్ష్మమ్మ.

“ఊ. సాయంత్రం నీకు పెడతారమ్మా.”

పుంగనూరు బస్సెక్కేసరికి నాలుగయింది.

ఆస్పత్రిలో యంత్రం గది తలుపు వెనక మేకుకు, ఆయన వదిలిపోయిన, ఒంటికి ఎంత కిరణం తగిలిందో లెక్కగట్టే బిళ్ల వేలాడుతోంది. దాని క్లిప్పుకు నీలం దారం, మీద పెన్నుతో రాసిన ‘నల్లప్ప’, చెమటకు చివరి అక్షరం సగం చెరిగిపోయి.