జీపు వేలంలో చివరి మాట

వరహాలు ఇంటి పంచలో పొడవాటి వెదురు కర్ర ఒకటి ఉండేది. కోడలు రమణి దాని మీద తడిబట్టలు ఆరేసేది. చింతపల్లి కొండల్లో ఆ గూడేనికి కొత్తగా వచ్చినవారు అది దండెం కర్రే అనుకునేవారు. దగ్గరికి వెళ్ళి చూస్తే దాని రెండు కొసలూ మనుషుల భుజాల రాపిడికి నున్నబడి ఉంటాయి. అది డోలీ కర్ర. నొప్పులొచ్చిన ఆడవాళ్లనూ, జ్వరం ముదిరినవాళ్లనూ దుప్పటిలో వేసి, ఆ కర్రకు కట్టి, తారు రోడ్డు దాకా మోసుకుపోవడం అక్కడి మగవాళ్లకు దుక్కి దున్నినంత మామూలు పని. రోడ్డు వేయిస్తామని చెప్పి వెళ్ళిన పెద్దమనుషులకు మాత్రం ఆ కర్ర ఎప్పుడూ దండెంలాగే కనిపించింది.

ఈ ఏడు రమణి కడుపుతో ఉంది. వానలు ముదిరేనాటికి నెలలు నిండుతాయి. అందుకే కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులో ఇంటికింత తీసి, గూడెమంతా కలిసి పాత జీపు కొనాలనుకున్నారు. రమణి భర్త స్వామి చింతపల్లి దారిలో జీపు నడిపినవాడే. బండి వచ్చిన రోజున ఆ కర్రను పొయ్యిలో పెడతానని వరహాలు అందరి ముందూ అన్నాడు.

మిషన్ బడిలో పాఠాలు చెప్పే టైటస్ మేస్టారు ఫోనులో ఒక జీపును చూపించాడు. మైదానంలో పాత బండ్ల యార్డు నడిపే మోహన్‌కృష్ణ దాన్ని ఆన్‌లైన్ వేలానికి పెట్టాడు. స్వామి వెళ్ళి చూసొచ్చాడు. ఇంజను బాగుందట, బ్రేకులూ టైర్లూ మార్చకుండా మాత్రం ఘాట్ దించకూడదట. గూడెం దగ్గర పోగైనది మూడు లక్షలు. పాట రెండు లక్షల ఇరవై వేల దగ్గర ఆగుతుందనీ, మిగిలినదాంతో బ్రేకులు వేయించవచ్చనీ మేస్టారు అంచనా. అయినా బండి చేజారితే రమణికి దారి ఉండదని, మొత్తం మూడు లక్షలూ గరిష్ఠ ధరగా పెట్టమన్నారు పెద్దలు.

"మన ఆఖరి ధర ముందే వేసేస్తాం, పెద్దయ్యా," అని టైటస్ వరహాలుకు వివరించాడు. "అది ఎవరికీ కనిపించదు. అవతలివాడు ఎంత పెంచితే దానికి ఒక్క మెట్టు పైన, మన తరఫున ఫోనే పాడుతుంది. వాడు ఆగితే అదీ ఆగుతుంది. మూడు లక్షలు వేసినంత మాత్రాన మూడూ పోవు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ పద్ధతిలోనూ మోసం లేదు. మోసం ఎటునుంచి వచ్చిందో చెబుతాను.

కొండ సంతలో ఒక ఆనవాయితీ ఉంది. ఎద్దును కొనదలచినవాడు అమ్మేవాడి చేయి పట్టుకుని, నలుగురూ వినేలా తన చివరి మాట చెప్పేస్తాడు. ఆ తరువాత ఆ ఎద్దు జోలికి మరొకరు రారు, అమ్మేవాడూ ఆశకు పోడు. పోయాడా, పై వారం సంతలో అతన్ని పలకరించే దిక్కుండదు. వరహాలుకు బుద్ధి తెలిసిన దగ్గరనుంచి కొనడమంటే అదే. అందుకని వేలానికి బయానా కట్టడానికి మేస్టారు లేకుండా యార్డుకు వెళ్ళినప్పుడు, మోహన్‌కృష్ణ టీ తెప్పించి మర్యాదగా కూర్చోబెట్టేసరికి, ముసలాయన అతని చేయి పట్టుకున్నాడు.

"బాబూ, మా సివరి మాట మూడు లచ్చలు. అంతకుమించి మాకాడ నేదు. బండి మాకే ఉంచు."

మోహన్‌కృష్ణ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, అలాగే పెద్దాయనా అన్నాడు. ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

పాట ముగిసే మధ్యాహ్నం సగం గూడెం సిగ్నల్ అందే బండరాయి మీద చేరింది. రమణి కూడా నడుం పట్టుకుని వచ్చి కూర్చుంది. మబ్బు కొండను కమ్ముకుంటోంది. రెండు లక్షల ఇరవై వేల దగ్గర పోటీదారులంతా తప్పుకున్నారు. స్వామి అప్పుడే బ్రేకుల మాట ఎత్తాడు. ఇంతలో ఎవరో కొత్తవాడు పాటలోకి దిగి ఐదు వేలు పెంచాడు. ఫోను తనంతట తానే వీళ్ల తరఫున మరో ఐదు వేలు పెంచింది. వాడు మళ్లీ పెంచాడు, ఇదీ పెంచింది. చేతులు కట్టుకుని చూడడం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు. బ్రేకుల డబ్బు పోయింది, టైర్ల డబ్బు పోయింది. వీళ్ల అంకె మూడు లక్షలకు చేరగానే కొత్తవాడు ఆగిపోయాడు. జీపు గూడేనిదైంది.

వరహాలు కళ్లు తుడుచుకున్నాడు. "సూసినారా మేస్టారూ, ఆ బాబు మాట నిలబెట్టుకున్నాడు. మన మాటకాడే పాట ఆపీసినాడు."

టైటస్ ఫోను మీంచి తలెత్తాడు. "ఏ మాట, పెద్దయ్యా?"

వరహాలు చెప్పాడు, గర్వంగానే చెప్పాడు. మేస్టారు ఫోనులో పాట వరుసను మళ్లీ మొదటినుంచి చూశాడు. చివరి అంకె తెలిసినవాడే సరిగ్గా దానికి ఒక్క మెట్టు కింద ఆగగలడు. నీ మనిషినే పాటలోకి దించి పెంచించావని ఫోనులో నిలదీస్తే, అంకె వేసింది మీరు, పెంచింది మెషీను, నాకేం సంబంధమని మోహన్‌కృష్ణ నవ్వాడు. వేలం నడిపేవాళ్లకు పెట్టిన ఫిర్యాదుకు జవాబే లేదు.

స్వామి ఖాళీ బండిని మట్టి బాటలో మొదటి గేరులో కొండెక్కించాడు. జారితే చక్రం కింద వేయడానికి ఇద్దరు రాళ్లు పట్టుకుని వెనకాలే నడిచారు. వరహాలు ఇంటి ముందు నిలిపి, అవే రాళ్లు అడ్డం పెట్టారు. బ్రేకులకు డబ్బు మళ్లీ కాఫీ పండాకే. రమణి కడుపులోని బిడ్డ అప్పటిదాకా ఆగదు కదా.

నొప్పులు హోరువానలో మొదలయ్యాయి. స్వామి పరుగున జీపెక్కి బ్రేకు తొక్కాడు. అది పాదం కింద అడుగంటా దిగిపోయింది. అయినా దింపేత్తానన్నాడు.

"ఉన్నోళ్లందర్నీ లోయలో పడేత్తావేటి? దిగరా," అన్నాడు వరహాలు. కర్ర మీది బట్టలు లాగి పారేశాడు. డోలీ జీపు పక్కనుంచే వెళ్ళింది. జారే బాటలో బేగి నడవమంటే ఎవరు మాత్రం నడవగలరు?

తారు రోడ్డు మీద అంబులెన్సు ఎదురుచూస్తూనే ఉంది. రమణి బతికింది. మగబిడ్డ ఊపిరి లేకుండా పుట్టాడు.

బిడ్డను మట్టి చేసి వచ్చాక అందరూ జీపు దగ్గర కూర్చున్నారు. అంకె కనిపించదని చెప్పాను గానీ, ఎవరికీ చెప్పకూడదని చెప్పలేదని టైటస్ ఏడ్చాడు. వరహాలు తల అడ్డంగా ఊపాడు.

"సంతలో సివరి మాటకి జనం కాపలా ఉంటారు, మేస్టారూ. ఆ పాటలో కాపలా ఎవుడున్నాడు? నాను సెప్పిన మాట పట్టుకునే ఆడు నా మనవడి బండికి బ్రేకులు నేకుండా సేసినాడు."

ఆ కర్ర ఇంకా ఆ పంచలోనే ఉంది. రమణి దాని మీద బట్టలు ఆరేయడం మానేసింది. ఫోనులో వేలం పాడే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే. మీ చివరి ధర మీ ఒక్కరికే తెలిసినంతకాలం ఆ యంత్రం మీ తరఫున పాడుతుంది. అమ్మేవాడి చెవిన పడిన క్షణం నుంచి వాడి తరఫున పాడుతుంది.