చిన్నతల్లి కూత

చిన్నతల్లికి ఒకటే కోరిక, తను కబడ్డీ ఆడుతుంటే అమ్మ చూడాలని. "సేపల గంపతోటి గ్రౌండుకేటొస్తానే, పదిమందిలో నీకు సిన్నతనం" అని మరిడమ్మ ప్రతిసారీ తప్పించుకునేది. జిల్లా ఫైనల్సు శ్రీకాకుళంలో అనేసరికి పిల్ల అన్నం మానేసి కూర్చుంది. మరిడమ్మ చేపలు అమ్మేదీ ఆ ఊళ్ళోనే. ఇక కాదనలేకపోయింది.

నేను చిన్నతల్లి వాళ్ళ స్కూల్లో పీఈటీ టీచర్ని. గెలిస్తే రాష్ట్రపోటీలకు వెళ్తాం. మా బలమంతా చిన్నతల్లి కూతే. ఆ పిల్ల ఊపిరి పట్టిందంటే సముద్రంలో మునిగి తేలినంతసేపు ఉంటుంది.

మరిడమ్మ బజారు నుంచి నేరుగా వచ్చి, ఖాళీ గంప చంకన పెట్టుకుని ఒక మూల నిలబడింది. అవతలి స్కూలు తల్లిదండ్రులు షామియానా కింద కుర్చీల్లో ఉన్నారు. అందరూ ఉద్యోగస్తులే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

"ఒలే, దాన్ని పట్టుకోకండే, సేతులు కంపు కొడతాయి!" అని అరిచాడు ఉమాశంకర్, అవతలి కెప్టెన్ తండ్రి. షామియానా అంతా నవ్వు. అతని కూతురు మాత్రం తల దించుకుంది. ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "అదిగో దానమ్మ! గంపతోటే దిగిపోయినాది" అని చెయ్యెత్తి చూపించింది.

నేను నిర్వాహకుడి దగ్గరకు పరుగెత్తాను. "పేరెంట్సు కదా మేడమ్, సరదాకి అంటన్నారు" అన్నాడు. సరదా అట, నా బొంద! పదమూడేళ్ళ పిల్ల మీదా సరదా?

ఆఖరి కూత. ఒక్క పాయింటు వెనకున్నాం. చిన్నతల్లి "కబడ్డీ కబడ్డీ" అంటూ వెళ్ళి ఇద్దర్ని తాకేసింది. ఊపిరి తెగకుండా మధ్యగీత దాటితే చాలు, గెలిచినట్టే. వెనక్కి తిరిగింది. అప్పుడు కనబడింది, గంప తీసుకుని తలొంచుకుని గేటు వైపు వెళ్ళిపోతున్న అమ్మ.

"అమ్మా, ఉండవే!"

కూత ఆగిపోయింది. విజిల్ మోగింది. అడుగు దూరంలో గీత. తాకిన ఇద్దరూ లెక్కలోకి రాలేదు, ఆట అయిపోయింది. షామియానాలో కుర్చీలెక్కి మరీ కేకలు వేశారు, ఈలలు వేశారు. అంతమంది పెద్దవాళ్ళని ఒకేసారి అసహ్యించుకోవడం నాకు అదే మొదలు.

మరిడమ్మని వెనక్కి తీసుకొద్దామని గేటు దగ్గరకు పరుగెత్తాను. ఆవిడే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"మా పిల్ల నెగ్గీసింది గదా మేడమ్? ఆ కేకలు ఇన్నాను. నేనుంటే దానికి సిన్నతనమని వచ్చీసాను. సూసారా, నేనిలా వచ్చీగానే నెగ్గీసింది!"

చిన్నతల్లి ఒళ్ళంతా మట్టితో పరుగెత్తుకొచ్చి అమ్మ నడుం కరుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మరిడమ్మ కొంగుతో దాని మొహం తుడుస్తూ నవ్వింది.

"నెగ్గినోలు ఏడుస్తారేటే, పిచ్చి మొకమా! ఇంకెప్పుడూ నీ ఆటకి రాన్లే, ఊరుకో."