హయాసే గారి సుత్తి

మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, కంకిపాడు దాటాక బందరు రోడ్డు మీద, హయాసే అనే జపాన్ కంపెనీ కారు ఒకటి చెరుకు లోడు ట్రాక్టర్‌ను వెనక నుంచి గుద్దింది. కారులో ఇద్దరున్నారు. నడుపుతున్న రామకోటేశ్వరరావుకు దెబ్బ తగల్లేదు. పక్క సీట్లో ఉన్న ఆయన భార్య కనకలక్ష్మికి కుడి కన్ను పోయింది.

మంచు పడుతోంది. ట్రాక్టర్ ట్రక్కుకు వెనక లైటు లేదు. రామకోటేశ్వరరావు బ్రేకు తొక్కాడు, వేగం తగ్గింది, అయినా కారు ఆగలేదు. ఇద్దరూ బెల్టులు పెట్టుకున్నారు. ఎయిర్‌బ్యాగులు రెండూ తెరుచుకున్నాయి. ఎడమవైపు బ్యాగు ఉండేది డాష్‌బోర్డు లోపల. దాని మూత మీద జానెడు ఎత్తున ఇత్తడి అమ్మవారి విగ్రహం అతికించి ఉంది. మూత లేచినప్పుడు విగ్రహమూ లేచింది.

విజయవాడ కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసిన డాక్టర్ అక్షయ బయటికి వచ్చి చిన్న సీసా ఒకటి ఆయన చేతిలో పెట్టింది. అందులో త్రిశూలం మొన ఉంది.

"కారులో విగ్రహం ఉందాండీ?" అని అడిగింది.

"ఉందమ్మా. అమ్మవారు."

"మాకు ఇలాంటివి వస్తూనే ఉంటాయండి. ఒకసారి వినాయకుడు, ఒకసారి శిలువ, ఒకసారి సెంటు సీసా. కంటికి అన్నీ ఒకటే." చూపు రాదని ఆ తర్వాత చెప్పింది.

ఆ సాయంత్రం ఆయన కారు దగ్గరికి వెళ్ళాడు. విగ్రహం సీటు కింద పడి ఉంది. పీఠం మీద 'మహతి హయాసే, విజయవాడ, శుభాకాంక్షలతో' అని చెక్కి ఉంది. మూత మీద జిగురు మరక మిగిలింది. ఆ మరక కింద ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లీషులో అచ్చు పోసిన అక్షరాలున్నాయి. విగ్రహాన్ని సరిగ్గా ఆ అక్షరాల మీదే అతికించారు.

కంకిపాడులో రామకోటేశ్వరరావుది విత్తనాల షాపు. ఊళ్ళో ఎవరు కారు కొనాలన్నా ముందు ఆ షాపుకే వస్తారు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన పాత హయాసే ఒకటి కొన్నాడు. తుపాను వచ్చి పులిగడ్డ దారిలో నీళ్ళు నిలిచిన ఏడాది, జీపులు ఆగిపోయిన చోట అది నడిచింది. అమ్మేసే రోజు వరకూ దాని ఇంజను విప్పలేదు. అప్పటి నుంచి జపాన్ బండి గురించి ఆయన మాటకు ఎదురు లేదు. కొన్నవాళ్ళలో చాలామంది ఆయన చెప్పాకే కొన్నారు.

బండి గుణం చెప్పాక ఆయన కంపెనీ కథ చెప్పేవాడు. హయాసే గొరో అనే ఆయన ఓడరేవు ఊళ్ళో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. యుద్ధం అయ్యాక మూడు చక్రాల బండ్లు చేశాడు, తర్వాత కార్లు. మొదటి కార్లు అమ్ముడయ్యాక స్టీరింగు కడ్డీలో పగుళ్ళు కనిపించాయి. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆయన అన్ని బండ్లనూ వెనక్కి తెప్పించి, పనివాళ్ళందరినీ నిలబెట్టి, సుత్తులతో వాటిని పగలగొట్టించాడు. మొదటి దెబ్బ తను కొట్టాడు. సుత్తి పట్టుకున్న ఆ ముసలాయన ఫొటో ప్రతి హయాసే షోరూంలోనూ ఉంటుంది. విజయవాడలో దసరాకి దానికి కూడా దండ వేస్తారు.

"హయాసే ఆయనకి మా ఇంట్లో తద్దినం ఒక్కటే తక్కువ," అనేది కనకలక్ష్మి, షాపుకు వచ్చినవాళ్ళు వింటుండగానే.

రామకోటేశ్వరరావు మొదట కంపెనీ ప్రాంతీయ ఆఫీసుకు రాశాడు. జవాబు త్వరగానే వచ్చింది. బ్యాగు పనిచేయాల్సిన విధంగానే పనిచేసిందని, మూత మీద ఏ వస్తువూ ఉంచరాదని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉందని, జరిగినదానికి విచారిస్తున్నామని రాశారు. ఆయన పుస్తకం తీసి చూశాడు. ఉంది. బొమ్మ కూడా వేశారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దాంతో కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

శుక్రవారం ఆయన బెంజ్ సర్కిల్ అవతల ఉన్న మహతి హయాసే షోరూంకు వెళ్ళాడు. సేల్స్ మేనేజర్ హర్షవర్ధన్ లేచి నిలబడ్డాడు. ఆ కారు అమ్మింది అతనే.

"మేడమ్ గారికి ఎలా ఉందండీ?"

"ఒక కన్నుతో ఉంది. ఆ విగ్రహం ఎవరు అతికించారయ్యా?"

"మేం గిఫ్టుగా ఇస్తామండి. అందరికీ ఇస్తాం."

"ఇవ్వడం కాదు. అతికించింది ఎవరు? నేను వచ్చేసరికే అక్కడ ఉంది. హారతి కూడా ఇచ్చారు."

హర్షవర్ధన్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "మా వాళ్ళేనండి. డ్రైవర్ ఎదురుగా పెడితే రోడ్డు కనపడదు. మధ్యలో స్క్రీను ఉంటుంది. ఇక మిగిలేది ఎడమవైపే."

"దాని కింద బాంబు లాంటిది ఉందని తెలుసా నీకు?"

"తెలుసండి. ట్రైనింగ్‌లో చెప్పారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తామండీ? శుభమా అని బండి తీసుకుంటుంటే యాక్సిడెంట్ అయితే ఇలా అవుద్దని చెప్తే ఊరుకుంటారా? మా కుర్రాడొకడు చెప్పాడు. ఆ ఫ్యామిలీ తాళం బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. నోట్లోంచి అపశకునం వచ్చిందని. మీరైనా ఆ రోజు వినేవారా సార్, నిజం చెప్పండి?"

రామకోటేశ్వరరావు గోడ మీద ఫొటో చూపించాడు.

"ఆయన ఎవరో తెలుసా?"

"ఫౌండర్ గారండి."

"ఎవరూ అడక్కుండానే బండ్లు పగలగొట్టాడు. నువ్వు పుస్తకంలో ఉన్న ఒక్క ముక్క నోటితో చెప్పలేవా? నిజంగా పగలగొట్టాడా, అదీ కథేనా?"

"ఏమోనండి, నేను చూళ్ళేదు. కస్టమర్లకి చెప్పమంటారు, చెప్తాం." హర్షవర్ధన్ గొంతు తగ్గించాడు. "మాకంటే మీరే బాగా చెప్తారని మా వాళ్ళు అంటుంటారు."

రామకోటేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"నాకు డబ్బు వద్దు. కేసూ పెట్టను. ఇవాళ్టి నుంచి మూత మీద విగ్రహం అతికించకూడదు. తాళం ఇచ్చేటప్పుడు ఎందుకో చెప్పాలి. ఈ ఒక్కటి చెయ్యి."

"ఓనర్ గారితో మాట్లాడతానండి," అన్నాడు హర్షవర్ధన్.

తర్వాతి గురువారం కనకలక్ష్మికి కట్టు మార్పించుకుని తిరిగి వస్తూ ఆయన టాక్సీని షోరూం ముందు ఆపించాడు. కంటి మీద తెల్లటి కట్టుతో ఆమె వెనక సీట్లోనే ఉండిపోయింది.

"నువ్వు రావా?"

"లోపల ఎవరో బండి తీసుకుంటున్నట్టున్నారు. దండలు కనపడుతున్నాయి. ఈ మొహంతో ఎదురు వెళ్ళి తిట్లు తినమంటారా? మీరు వెళ్ళి తినిరండి."

డెలివరీ ఇచ్చే చోట తెల్ల హయాసే నిలబడి ఉంది. బంతిపూల దండ వేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులుగారు గుమ్మడికాయ మీద కర్పూరం సర్దుతున్నాడు. డెలివరీ సెక్షన్‌లో పనిచేసే చక్రి ఎడమవైపు తలుపు తెరిచి, లోపలికి వంగి, విగ్రహాన్ని రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. జిగురు ఆరేదాకా అలా పట్టుకోవాలి.

కారు పక్కన పట్టుపంచెలో నిలబడింది కంకిపాడు రత్తయ్య. వరికోత మిషన్లు అద్దెకు తిప్పుతాడు. వరసకు రామకోటేశ్వరరావుకు బావమరిది. హయాసే కొనమని సంక్రాంతికి ముందు షాపులో కూర్చోబెట్టి చెప్పింది రామకోటేశ్వరరావే. రత్తయ్య తల్లి ఆదెమ్మ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. కొత్త బండిలో మొదట ఆమె కూర్చోవాలని రత్తయ్య కోరిక.

"ఇవాళ తీసుకుంటున్నావని చెప్పలేదే," అన్నాడు రామకోటేశ్వరరావు.

రత్తయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. "చెప్దామనే అనుకున్నాను బావా. అక్కకి బాగాలేదు కదా అని..."

"బాగాలేదని కాదు. మా నీడ పడుద్దని."

"ఇప్పుడెందుకు బావా అవన్నీ."

"సరే, వద్దు. ముందు ఆ విగ్రహం తీయించు."

చక్రి చేతులు తీయకుండానే తల తిప్పి చూశాడు. పంతులుగారు అగ్గిపెట్టె పట్టుకుని ఆగిపోయాడు. గాజు గది లోపలి నుంచి హర్షవర్ధన్ పరుగున వచ్చాడు.

"సార్, సార్. మనం లోపల కూర్చుని మాట్లాడుకుందామండి."

"లోపల మాట్లాడాను కదయ్యా, శుక్రవారం. ఓనర్ ఏమన్నాడు?"

"పరిశీలిస్తామన్నారండి."

"పరిశీలిస్తూ అతికిస్తున్నారా?" రామకోటేశ్వరరావు గొంతు పెరిగింది. షోరూంలో ఉన్నవాళ్ళు అటు తిరిగారు. "ఇదే కారు. ఇదే చోటు. ఇదే విగ్రహం. నా పెళ్ళాం కంట్లోంచి త్రిశూలం తీశారు. పది రోజులు కూడా కాలేదు. మళ్ళీ అక్కడే నొక్కి పట్టుకున్నాడు చూడు, ఊడిపోతుందేమోనని."

"బావా, మాటలు జాగ్రత్త," అన్నాడు రత్తయ్య. "ముహూర్తం దాటిపోతోంది. శుభమా అని వస్తే కన్ను, త్రిశూలం అంటావేంటి? మా అమ్మ కూర్చుని ఉంది అక్కడ."

"కూర్చుందనేరా చెప్తున్నాను."

"ఈ బండి కొనమంది ఎవరు? నువ్వు కాదూ? జపాన్ వాడు, సుత్తి, ముసలాయన అని రెండు గంటలు చెప్పావు. ఇప్పుడొచ్చి అమ్మవారిని పీకేయమంటావు. మనుషులు విన్నా బాగుండదు. అతికించాక తీస్తే ఏమవుద్దో తెలుసా నీకు?"

"అతికిస్తే ఏమైందో తెలుసు. వెనకాల పెట్టుకో. ఇంట్లో పెట్టుకుని రోజూ పూజ చేసుకో. ఈ మూత మీద వద్దు."

"నీకు జరిగిందని అందరికీ జరుగుద్దా? నీ డ్రైవింగు నీది, నా డ్రైవింగు నాది."

రామకోటేశ్వరరావు ఒక అడుగు ముందుకు వేశాడు. హర్షవర్ధన్ మధ్యలోకి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. ఆయన ఆ చేతిని విదిలించాడు.

"నన్ను పట్టుకోవడం కాదు. నీకు తెలుసు కదా, చెప్పు. వాళ్ళ ఎదురుగా చెప్పు. పుస్తకంలో ఏం రాసుందో ఆ అమ్మకి చెప్పు."

హర్షవర్ధన్ రత్తయ్య వైపు చూశాడు. పంతులుగారి చేతిలో అగ్గిపెట్టె చూశాడు. "శుభకార్యం సార్," అన్నాడు.

"వీడు చెప్పడు. ఆ ఫొటో మాత్రం గోడకి మేకు కొట్టి పెట్టుకుంటారు," అన్నాడు రామకోటేశ్వరరావు. "ఈయన పేరు చెప్పుకుని ఇరవై ఏళ్ళు మీకు జీతం లేని ఏజెంటుగా పనిచేశాను."

అప్పటికి కనకలక్ష్మి టాక్సీ దిగింది. భర్త గొంతు ఆమెకు రోడ్డు దాకా వినిపించింది. చీర కొంగు భుజం మీదుగా కప్పుకుని, కుడివైపు మెట్టు కనపడక ఒకసారి తడబడి, లోపలికి వచ్చింది. ఆమెను చూసి రత్తయ్య భార్య చప్పున పక్కకు జరిగింది. పంతులుగారు కర్పూరం వైపు తల దించుకున్నాడు.

కనకలక్ష్మి భర్తనూ రత్తయ్యనూ దాటింది. కారు చుట్టూ నడిచి ఎడమవైపు తలుపు దగ్గరికి వెళ్ళింది. చక్రి చేతులు తీసి పక్కకు తప్పుకున్నాడు. విగ్రహం నిలబడింది. ఆమె దానికి దణ్ణం పెట్టింది.

"పిన్నీ," అంది.

"రావే అమ్మాయ్," అంది ఆదెమ్మ. చెయ్యి చాపి కట్టు మీద వేలు ఆనించబోయి ఆగింది. "నొప్పిగా ఉందా?"

"రాత్రిళ్ళు ఉంటుంది. పిన్నీ, నేను అక్కడే కూర్చున్నాను. నువ్వు కూర్చున్న చోటే."

ఆదెమ్మ విగ్రహం వైపు చూసింది. తర్వాత కట్టు వైపు చూసింది.

"బెల్టు పెట్టుకోలేదా?"

"పెట్టుకున్నాను. అమ్మవారికే లేదు."

రత్తయ్య "అక్కా, దయచేసి..." అన్నాడు. కనకలక్ష్మి అతని వైపు తిరగలేదు.

"నీకు చెప్పడానికి వచ్చాను. తిట్టుకుంటే తిట్టుకో," అని ఆదెమ్మతోనే చెప్పి, వచ్చిన దారినే బయటికి నడిచింది. రామకోటేశ్వరరావు ఆమె కుడివైపున నడిచాడు. మెట్టు దగ్గర చెయ్యి పట్టుకోబోతే, "నాకు ఇంకో కన్నుంది లెండి," అంది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

టాక్సీ డ్రైవర్ టీ తాగడానికి వెళ్ళాడు. అతను వచ్చేదాకా ఇద్దరూ టాక్సీలోనే కూర్చున్నారు. షోరూం అద్దం లోంచి లోపల జరుగుతున్నది కనపడుతోంది. మాటలు వినపడటం లేదు. రత్తయ్య చేతులు ఊపుతూ తల్లితో మాట్లాడాడు. హర్షవర్ధన్ వంగి ఏదో చెప్పబోయాడు, రత్తయ్య అతన్ని వెనక్కి నెట్టాడు. పంతులుగారు గడియారం చూపించాడు. చక్రి మళ్ళీ విగ్రహం దగ్గరికి వెళ్ళి, దాన్ని ముట్టుకోకుండా తిరిగి వచ్చాడు.

గుమ్మడికాయ కొట్టారు. కారు నిమ్మకాయల మీదుగా కదిలి, కొండ మీద అమ్మవారి గుడిలో పూజకు వెళ్ళడానికి బందరు రోడ్డు మీదికి తిరిగింది. వీళ్ళ టాక్సీ పక్క నుంచే వెళ్ళింది. రత్తయ్య నడుపుతున్నాడు. విగ్రహం ఎడమవైపు మూత మీదే ఉంది. ఆదెమ్మ వెనక సీట్లో, కోడలి పక్కన కూర్చుంది. ముందు సీట్లో ఎవరూ లేరు.