దొరగారు దాటిన చిత్తడి

వర్జీనియాలో పొగాకు తోటలున్న విట్‌కోంబ్ దొర, దక్షిణ సరిహద్దులోని చిత్తడిని తాను కాలినడకన దాటానని పుస్తకం అచ్చు వేయించాడు. ఆ చిత్తడిలో నిజంగా సరిహద్దు కొలిచే గొలుసు లాగినవాడు ఎఫ్రాయిం. అతను లోపలికి దిగేటప్పుడూ, తొమ్మిది రోజులకు బయటపడ్డప్పుడూ దొర గట్టుమీద అదే డేరాలో ఎలుగుమాంసం నములుతూ కనబడ్డాడు.

ఆ పుస్తకం చదివి ఎఫ్రాయిం చెల్లెలి మొగుడు జెథ్రో, తన పొలం దొరకిచ్చేసి బదులుగా చిత్తడిలో అయిదు వందల ఎకరాలు తీసుకోబోతున్నాడు. సంతకం ఈ మధ్యాహ్నమే. ఎఫ్రాయిం అతన్ని సత్రంలో పట్టుకున్నాడు.

"బావా, అక్కడ నడుంలోతు నీళ్లు. నా చెల్లెల్నీ పిల్లల్నీ ఎక్కడ పడుకోబెడతావు, చెట్టెక్కించా?"

"గాలి అమృతంలా ఉంటుందని రాశాడు దొర."

"డేరాలో బాగానే ఉంటుంది. నాకీ చలిజ్వరం ఆ నీళ్లలోనే అంటుకుంది. రోజు విడిచి రోజు కుదిపేస్తోంది."

"నువ్వు రెండో తరగతిలోనే బడి మానేశావు. ఆయన లండన్లో చదివాడు. నన్నెవరి మాట నమ్మమంటావు?"

జవాబు చెప్పబోతుండగానే ఎఫ్రాయిం పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఆ రోజు జ్వరం వంతు. పట్టపగలు బల్లమీద ముడుచుకుని పడుకున్నాడు.

జెథ్రో పుస్తకం తిరగేసి, వేలు పెట్టి చదివాడు. "ఈ సరిహద్దు జనం రోజు విడిచి రోజు పగలే పడుకుంటారు. ఇంత సోమరులను నేనెక్కడా చూడలేదు. కష్టపడేవాడికి ఈ నేల బంగారం."

అతను బల్లవైపు చూసి తల ఊపాడు.

"పడుకో బావా. నేను కష్టపడేవాణ్ణి," అని టోపీ పెట్టుకుని సంతకానికి వెళ్లాడు.