వసీలా గేటు లోపల పస్తు

వసీలాకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఈసారి మాత్రం కారణం పెద్దదే. ఆమె పెట్టింది ఒక పాము తినడం లేదు.

హనోవర్ పార్క్‌లో ఆమె గేటు దాటి ఆకలితో వెళ్ళినవాళ్ళు లేరు. బుధవారం వస్తే పెరట్లో పెద్ద గుండిగ ఎక్కించి వీధి పిల్లలందరికీ సూపు పోస్తుంది. చావింటికైనా పెళ్ళింటికైనా ముందు చేరేది ఆమె గిన్నే. వద్దన్నవాళ్ళ పళ్ళెంలో ఇంకో గరిటె వేసి, వాళ్ళు తినేదాకా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆమె పద్ధతి. అంత మనిషి గేటు లోపలే ఒక ప్రాణి నెలల తరబడి పస్తు పడుకుంది.

పెరటిగదిలో అద్దెకున్న కీనన్ అనే కుర్రాడు చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. గది కడుగుదామని వసీలా తలుపు తీస్తే మూలన పెద్ద అద్దాలపెట్టె, అందులో ఎండిపోయిన నీళ్ళగిన్నె పక్కన ఒక కొండచిలువ. మొదటిసారి చూసినప్పుడు ఆమె అరిచిన అరుపు మసీదు దాకా వినిపించింది. రెండోసారి దగ్గరికెళ్ళి చూసింది. దాని వెన్నెముక పైకి తేలింది. విడవని కుబుసం ముక్కలు ఒంటిమీద అట్టకట్టాయి. తల దాచుకోవడానికి చోటు లేక తన చుట్టలోకే తల దూర్చుకుంది. "రోజూ ఈ గది పక్కనే బట్టలారేశాను, ఇల్యాస్," అంది మొగుడితో. "ఒక్కనాడు తలుపు కొట్టలేదు." చెప్తూ చెప్తూ ఏడ్చింది.

పాముల్ని కాపాడేవాళ్ళ నంబరు ఇల్యాస్ ఎక్కడో పట్టాడు. ఫెజెకా అనే అమ్మాయి వచ్చి, పాముని తిప్పి చూసి నిట్టూర్చింది. తమ దగ్గర చోటు లేదంది. ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటే వచ్చిపోతూ చూసుకుంటానంది.

"ఇంకెవరో ఎందుకు? నా గేటు లోపల ఎండింది, నా గేటు లోపలే తింటుంది," అని వసీలా ఒంటికాలిమీద లేచింది.

ఫెజెకా చెప్పినవి చాలా చిన్న సంగతులు. అడుగున వేడినిచ్చే కరెంటు చాప ఎప్పుడూ వేసే ఉంచాలి. దాక్కోవడానికి చిన్న చీకటి డబ్బా ఉండాలి. మంచినీళ్ళుండాలి. ముట్టుకోకూడదు. ఫ్రీజర్లో దాచిన చచ్చిన చిన్న ఎలుకని మంచు కరిగించి పట్టకారుతో పెట్టాలి. "అన్నిటికంటే ముఖ్యం, దాని మానాన దాన్ని వదిలెయ్యండి, ఆంటీ," అని, పక్కన తలుపులా కోసిన పాత ఐస్‌క్రీం డబ్బా ఒకటి పెట్టెలో బోర్లించి వెళ్ళింది.

ఐస్‌క్రీం డబ్బా! ఇంటికొచ్చిన అతిథిని ఐస్‌క్రీం డబ్బాలో పడుకోబెడతారా ఎవరైనా? ఫెజెకా కారు సందు మలుపు తిరగ్గానే వసీలా ఆ డబ్బా తీసేసి, పండక్కి రొట్టెలు పెట్టే పెద్ద పేముబుట్ట బోర్లించింది. సందుల్లోంచి గాలీ వెలుతురూ బాగా వస్తాయి. పెట్టెని ముందుగదిలో, మంచి పింగాణీ సామాను పక్కన పెట్టించింది. అతిథులుండేది అక్కడే కదా.

ఇక వీధి కదిలింది. పక్కింటి మైమూనా పళ్ళెంలో వేడి అప్పాలు పట్టుకొచ్చింది. ఎదురింటి సాలీ అన్న ఊరికే వచ్చాడు. పెట్టె చుట్టూ చేరి అందరూ అప్పాలు తిన్నారు, పాము తప్ప.

"మూత తియ్యకు, మైమూనా!"

"తియ్యట్లేదే, కాస్త ఎత్తుతున్నా. మొహం కనపడట్లేదు."

"మొహం చూసి ఏం చేస్తావే, సంబంధం కుదురుస్తావా?"

"ఇంత సన్నబడితే సంబంధాలెక్కడొస్తాయిలే," అన్నాడు సాలీ అన్న.

వసీలా ఎలుకని పట్టకారుతో పట్టుకుని మొహం అటు తిప్పుకుని లోపలికి చాపింది. పాము వెనక్కి జరిగి ఉండలా చుట్టుకుంది. ఆమె ఇంకాస్త చాపింది. బతిమాలింది. "కొంచెమే, కన్నా. ఒక్క ఎలుక. నా మాట వినూ." పాము వినలేదు. ఆ ఎలుకని పెరట్లో పూడ్చి, కొన్నాళ్ళాగి ఇంకోటి పెట్టారు. అదీ పెరట్లోకే పోయింది. ఎలుకల్ని తన ఫ్రీజర్లో సమోసాల పక్కన పెట్టనివ్వనని ఆమె గొడవ చేస్తే, ఇల్యాస్ వాటికోసం పెరటిగదిలో పాత ఫ్రిజ్ బాగుచేయించాడు. ఇంత చేసినా ఆ మహారాజు నోరు తెరవలేదు. వసీలాకి తలప్రాణం తోకకొచ్చింది.

ఫెజెకా మళ్ళీ వచ్చి తూచి చూసి మొహం ముడుచుకుంది. మైమూనా ముందుగదిలోనే ఉండటంతో వసీలాని గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "ఈ ఆదివారానికి తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను, ఆంటీ. గొట్టంతో తిండి పోస్తారు. ఇంత నీరసంలో అది తట్టుకుంటుందని చెప్పలేను."

ఆదివారం వాన. పొద్దున్నే అఖ్నీ గిన్నె ఒక ఉడుకు రానిచ్చి వంటసంచీలో దించింది వసీలా. లోపల మెత్త కుట్టిన లావుపాటి సంచీ అది. గిన్నె దించి మూతి బిగిస్తే, కరెంటు ఉన్నా లేకపోయినా మాంసం అన్నం దానంతటదే ఉడుకుతుంది. అది లేకపోతే ఈ కరెంటు కోతల్లో వసీలా ఎప్పుడో పిచ్చెక్కి ఉండేది. మధ్యాహ్నం గిన్నె బయటికి తీసి, సంచీ బల్లకింద వదిలి వడ్డిస్తుండగా కరెంటు పోయింది. వేడిచాప చల్లబడుతుందని వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టుకుని ముందుగదిలోకి పరిగెత్తింది.

పెట్టె మూత పక్కకి జరిగి ఉంది. బుట్ట కింద ఎవరూ లేరు.

"మైమూనా!"

"నేను గొళ్ళెం వేశాననే అనుకున్నా!" అంటూ భోజనానికొచ్చిన మైమూనా అప్పటికే సోఫా ఎక్కేసింది. "వేసే ఉంటాను, వసీలా, నా మీద ఒట్టు!"

"నీ మీద ఒట్టేసి నేనేం చేసుకోను?"

సోఫా కింద చూశారు. తెరల వెనక చూశారు. ఇల్యాస్ బూట్లలో కూడా చూశారు. వాన చలి గచ్చులోంచి కాళ్ళకెక్కుతోంది. ఎముకల గూడులా ఉన్న ఆ ప్రాణి ఈ చలిలో ఎంతసేపు బతుకుతుంది? డాక్టర్ దాకా కూడా వెళ్ళదేమో. వసీలాకి కోపం పోయి భయం వేసింది. ఏం చేయాలో తోచక వంటగదిలోకి వచ్చింది. చల్లారిపోతుందని అఖ్నీ గిన్నె మళ్ళీ దించుదామని సంచీలో చెయ్యి పెట్టింది.

చేతికి మెత్తగా తగిలింది. గిన్నె వదిలిన వేడి ఇంకా ఉంది. ఆ చీకట్లో, ఆ ఇరుకులో, చుట్టూ మెత్త ఒళ్ళంతా ఆనుకునేలా పాము హాయిగా చుట్టుకుని ఉంది. మొదటిసారిగా తల చుట్టలోంచి బయటికి పెట్టి ఉంది.

వసీలా అరవలేదు. చెయ్యి మెల్లిగా తీసి ఫోను అందుకుంది.

"లాగకండి!" అంది ఫెజెకా. "సంచీతో సహా పెట్టెలో పెట్టి గొళ్ళెం వెయ్యండి, కింద వేడినీళ్ళ సీసా ఉంచండి. డబ్బాలోంచి ఎందుకొచ్చింది అసలు?"

వసీలా గొంతు సవరించుకుని బుట్ట సంగతి చెప్పింది.

"మరి జనం?" అని అడిగింది ఫెజెకా.

"వస్తారు, పోతారు. మూతలెత్తద్దంటే వింటేనా వీళ్ళు!"

"మీరెన్నిసార్లు చూస్తారు, ఆంటీ?"

"నేనా? ఊరికే తొంగి చూస్తా..."

"అయిదు నమాజులకీ, మధ్యలో టీలకీ," అని ఇల్యాస్ వెనకనుంచి అందించాడు. "ఎలుక పెట్టినప్పుడు కుర్చీ వేసుకుని మరీ కూర్చుంటుంది."

"నోర్ముయ్, ఇల్యాస్! తినేదాకా పక్కన కూర్చుంటే తప్పా? నా ఇంట్లో అందరికీ అలాగే పెట్టాను!"

"దానికది తప్పే, ఆంటీ," అంది ఫెజెకా. "పక్కన కూర్చున్నవాళ్ళు తనని తినడానికే కూర్చున్నారనుకుంటుంది."

వసీలా ఫోను పెట్టేసింది. ఇన్నాళ్ళూ ఈ వీధిమీద అరిచింది. ఆ పెట్టె పక్కన అందరికంటే ఎక్కువసేపు కూర్చుంది తనే.

సంచీని పెట్టెలో పెట్టించింది. ఎలుకని వెచ్చచేసి సంచీ మూతి దగ్గర పెట్టి, బతిమాలకుండా, వెనక్కి చూడకుండా బయటికొచ్చింది. మైమూనాని సోఫా దింపింది. ముందుగది తాళం వేసి తాళంచెవి ఇల్యాస్ చేతికిచ్చింది. "నేనడిగినా ఇవ్వకు."

ఇంట్లో నిలవలేక పెరట్లో రేకు కింద బకెట్ బోర్లించుకుని కూర్చుంది. తెరిచి ఉంచడమే తప్ప మూయడం ఎరగని గేటుకి గడియ పెట్టింది. సాలీ అన్న పళ్ళెంతో వచ్చి ఆశ్చర్యపోయాడు.

"ఏమైందమ్మా? ఎవరైనా పోయారా?"

"లోపల భోజనానికి కూర్చున్నారు. తర్వాత రా అన్నా."

కరెంటు వచ్చింది. చీకటి పడకముందే ఆమె తాళంచెవి అడిగింది. ఇల్యాస్ ఇవ్వలేదు. ఆమె తిట్టింది. అయినా ఇవ్వలేదు. తెల్లారి నమాజయ్యాక తనే తలుపు తీసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళొచ్చాడు. తీరిగ్గా మళ్ళీ తాళం వేశాడు.

"చెప్పి చావు!"

"ఎలుక లేదు," అన్నాడు.

వసీలా కొంగుతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, "ఈ మాత్రం దానికి నన్నింత ఏడిపించాలా!" అని పాముని తిట్టింది. తిన్నది అరిగేదాకా కూడా ముట్టుకోకూడదట, చూడకూడదట. ఫెజెకా ఆ సంగతి చెప్తే దానికీ తిట్టింది.

మరుసటి ఆదివారం మైమూనా అప్పాల పళ్ళెంతో వచ్చి వంటగది గుమ్మంలో ఆగిపోయింది. అఖ్నీ గిన్నె ఇల్యాస్ చలికోటులో చుట్టి, పైన రెండు దిళ్ళు పెట్టి బల్లకింద ఉంది.

"ఇదేంటే? నీ సంచీ ఏది?"

"అందులో భోంచేస్తున్నారు," అంది వసీలా. "గట్టిగా మాట్లాడకు."