మొక్కుబడి పుంజు

తిమ్మక్క పుంజుకు వేళాపాళా లేదు. తెల్లవారుజామున కూయడం ఏ పుంజుకైనా ఉన్నదే. ఇది గిన్నె చప్పుడైనా కూసేది, వీధిలో సోడా బండి పోయినా కూసేది. దానికి వంతపాడడానికి రెండు పెట్టలు. గుడ్డు పెట్టాయంటే ఆ ఘనకార్యం మదనపల్లె అంతా చాటాల్సిందే!

ఇది తొంభై ఆరు నాటి మాట. తిమ్మక్క వాళ్ళది అద్దె ఇల్లు. ముందు భాగంలో ఇంటి ఓనరు గోపాలస్వామి ఉండేవాడు. బట్టల అంగడి నుంచి భోజనానికి వచ్చి ఒక కునుకు తీస్తేగానీ ఆయనకు పొద్దు గడవదు. ఆ కునుకుకే ఎసరు వచ్చింది.

"కోళ్ళన్నా పోవల్ల, మీరన్నా పోవల్ల. ఏదో ఒకటి సూసుకోమ్మా," అనేశాడు.

"మొక్కుబడి పుంజు సామీ. జాతర దాకా ఓర్సుకోండి," అని తిమ్మక్క బతిమాలింది.

కూతురు సుష్మ జ్వరంతో మంచం పట్టినప్పుడు, చౌడేపల్లె దగ్గరి తన పుట్టినూళ్ళో గంగమ్మ ముందు ఎర్ర కోడిపిల్లను పెట్టి, బిడ్డ లేస్తే ఇది నీకేనని మొక్కుకుంది. బిడ్డ లేచింది. చూపించి మొక్కిన కోడిని అమ్మకూడదు, కోసుకు తినకూడదు, బదులుగా ఇంకోదాన్ని ఇవ్వకూడదు. ఇంతలో భర్త రంగప్పకు టౌనులో అటెండరు పని దొరికింది. సామాన్లతోపాటు కోళ్ళూ వచ్చాయి.

గంగమ్మ పేరు వినేసరికి గోపాలస్వామి తగ్గాడు. "జాతర దాకానే. ఆ మర్నాడు దాని గొంతు ఇనపడితే ఊరుకోను," అన్నాడు.

తిమ్మక్క మొదట పట్టపగలే వాటిని గంప కింద మూసింది. మూసేకొద్దీ గోల ఎక్కువైంది.

"వాటికి పొద్దు పోవద్దా? ఊళ్ళో అయితే పగలంతా దిబ్బ గీరుకుంటా ఉండేవి," అన్నాడు రంగప్ప.

పెరట్లో చెనక్కాయ పొట్టు, ఎండాకులు కుప్పపోసి అందులో గుప్పెడు రాగులు కలిపింది. ఇక పెట్టలకు తల ఎత్తే తీరిక లేదు. దండేనికి తోటకూర కట్ట వేలాడదీస్తే మూడూ ఎగిరెగిరి పొడిచేవి. అయినా మధ్యాహ్నం ఎండకు పుంజు కూత మొదలెట్టేది. అప్పుడు చెంబు తెచ్చి దాని మీద నీళ్ళు చిలకరించేది. మొదట్లో అది ఒళ్ళు విదిలించి పారిపోయేది. రానురాను కళ్ళు మూసుకుని, పెళ్ళికొడుకులా కూర్చుని తడిపించుకునేది. కూత మానేది. గోపాలస్వామి గురక వినిపించేది.

జాతర దగ్గరపడేకొద్దీ తిమ్మక్కకు అన్నం సహించలేదు. నోరు మూయించడానికి ఇన్ని తంటాలు పడిన కోడి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో ఆమెకే తెలియదు. కానీ అది అమ్మవారి సొత్తు. ఇవ్వనంటే బిడ్డకేమవుతుందోనని భయం.

జాతర రోజు పుంగనూరులో బస్సు మారి ఊరు చేరారు. పూజారి రెడ్డెప్ప పుంజు మీద పసుపునీళ్ళు చల్లాడు. ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. లేకపోతే కత్తి ఎత్తరు. పుంజు హాయిగా కళ్ళు మూసుకుంది. ఇంకాసిని చల్లాడు. రెక్క కాస్త దించి రెండో పక్క కూడా చూపించింది. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు.

"అమ్మకు ఇష్టం లేదు. ఎత్తుకోని పోమ్మా," అన్నాడు రెడ్డెప్ప.

తిమ్మక్క పుంజును ఎత్తుకోబోయి ఆగింది. నోరు మూసుకుని పోవచ్చు. కానీ బిడ్డను నిలబెట్టిన తల్లి ముందు అబద్ధమా?

"దానికి నీళ్ళు అలవాటప్పా. కూయకుండా దినామూ నేనే సల్లతా ఉంటి," అని చెప్పేసింది.

రెడ్డెప్ప గంగమ్మ వైపు ఒకసారి చూశాడు. "నీ చేత సల్లించిందెవురు మరి?" అన్నాడు.

ఆ సాయంత్రం మదనపల్లెలో గోపాలస్వామి గుమ్మంలోనే ఉన్నాడు. గంప చూశాడు. ముఖం మాడింది.

"మళ్ళా యాల తెచ్చినారు?"

తిమ్మక్క జరిగింది దాచకుండా చెప్పింది. ఇల్లు ఖాళీ చేయమంటే ఈ పూటే చేస్తాం గానీ దీన్ని మాత్రం వదలనంది.

ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"అమ్మోరే వెనక్కి పంపితే, నేను యాడికి పొమ్మనేది? లోపలికి రాండి," అన్నాడు.

తిమ్మక్క గంపను గుండెకు హత్తుకుని, గడపలోనే భోరుమని ఏడ్చింది.