తెగులు మడి

కొమురయ్య ఎండిన కంది మొక్కను ఇంకొకటి పీకి, మొదలును కొడవలితో నిలువునా చీల్చాడు. లోపల నల్లటి చార. ముక్కలుగా నరికి అదే మట్టిలో కలిపాడు.

పటాన్‌చెరు దగ్గరి ఆ విత్తన క్షేత్రంలో అందరూ పంట పెంచుతారు. ఈ ఒక్క మడిలో కొమురయ్య తెగులు పెంచుతాడు. ఎండుతెగులు మట్టిలో బతికి ఉంటేనే దాన్ని తట్టుకునే కంది ఏదో తేలుతుంది. అది తలకెక్కడానికి అతనికి ఏడాది పట్టింది. చేరిన కొత్తలో ఎండిన మొక్కలన్నీ ఏరి, గట్టు మీద కుప్పేసి తగలబెట్టాడు. మడి శుభ్రమైందని మురిసిపోతుంటే అప్పటి సారు తల పట్టుకున్నాడు.

మరుసటేడు కర్దనూర్‌లో వానకు పండే అతని సొంత చెలకలో కంది నిలువునా ఎండింది. అతని కాళ్ల మట్టితోనే వచ్చిందని ఎవరూ అనలేదు. అతనే అనుకున్నాడు. ఆనాటి నుంచి రోజూ పంపు దగ్గర కాలివేళ్ల సందులు, చెప్పుల అడుగులు రుద్ది రుద్ది కడుక్కున్నాకే ఇల్లు చేరేవాడు. చెలకలో మళ్లీ కంది పెట్టలేదు.

పద్దెనిమిదేళ్ల కొలువుకు ఇవాళే ఆఖరు. సాయంత్రంలోగా మడంతా నరికి మట్టిలో కలపాలి. పద్నాలుగో సాలులో మాత్రం ఒక్క మొక్క పచ్చగా నిలబడి ఉంది.

"అదెందుకు వదిలినవ్?" అన్నాడు కొత్తగా వచ్చిన ఆఫీసరు వెంకటేశం. "అక్కడ తెగులు తక్కువ ఉండొచ్చు. తప్పించుకుంది, అంతే. తీసెయ్."

కొమురయ్య ఏనాడూ సారు మాటకు ఎదురు చెప్పలేదు. కానీ ఇది కూడా మట్టిలో కలిస్తే, ఇన్నేళ్లూ తను పెంచింది తెగులొక్కటే అవుతుంది. కొడవలి పట్టిన చేయి పైకి లేవలేదు.

"తక్కువెట్లుంటది సారూ? పోయినేడు ఎండిన మొక్కలు గాడనే ఎక్కువ కలిపిన. జెర సూడుండ్రి."

ఆ మొక్కకు అటూ ఇటూ జానెడు దూరంలో ఎండిన రెండింటినీ పీకి చీల్చాడు. రెండూ నలుపే.

"మూడూ ఒక్క కంచంల తిన్నయి సారూ. ఇదొక్కటే అరిగించుకున్నది."

వెంకటేశం ప్యాంటుకు మట్టి అంటుతున్నా మోకాళ్ల మీద కూర్చున్నాడు. చీలికలను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాడు. చివరికి ఒక చీటీ మీద అంకె రాసి పచ్చ మొక్కకు కట్టాడు.

"దీని గింజ వచ్చే ఏడు ఈ మడిలోనే వేద్దాం. అప్పుడూ నిలబడాలి."

"నిలబడితే నాకు గుప్పెడు ఇయ్యుండ్రి. నా చెలకల కంది లేక మస్తు ఏండ్లయింది."

"ఇస్తా," అన్నాడు వెంకటేశం.

మొక్కకు అప్పుడే పూత వస్తోంది. తేనెటీగలు పక్క చేల పుప్పొడి మోసుకొస్తే గింజ కల్తీ అవుతుంది, గుడ్డసంచి తొడగాలి. సంచులున్న గదికి తాళం. తాళం మనిషి సంగారెడ్డి వెళ్లాడు, తెల్లారితే గాని రాడు. కొమురయ్య ఈగలు అప్పటికే ముట్టి ఉంటాయని విచ్చిన పూలు గిల్లేసి, తన తల రుమాలు విప్పి మొగ్గలున్న కొమ్మకు చుట్టి, పురికొసతో కట్టాడు. గాలి ఆడేలా కొంచెం వదులుగా కట్టాడు.

పంపు దగ్గర కాళ్లూ చెప్పులూ రుద్ది కడుక్కుని వస్తుంటే, గేటు దగ్గర తోటి కూలి బీరమ్మ ఎదురైంది.

"ఏందన్నా, బోడ నెత్తితోని పోతున్నవ్? రుమాలు ఏడ వడ్డది?"

"దానికి ఇంకా డ్యూటీ ఉన్నది బీరమ్మా. నాకే అయిపోయింది."

నవ్వుతూనే సైకిలెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

నల్లటి మడి మధ్య, చెమట ఉప్పు చారలు కట్టిన ఆ ఎర్రంచు రుమాలు, గాలికి లోపలి మొగ్గలు కదిలినప్పుడల్లా కొద్దిగా కదులుతోంది.